పడవ ఒకరిది, బండి ఒకరిది

“వానకోసం చూస్తున్న కప్పలా ఉందిరా నీ కారు!” పక్కింటి మెర్వ్ కంచె మీద మోచేతులాన్చి అరిచాడు. “ముక్కేమో మబ్బుల్లో ఉంది, వెనకభాగమేమో మట్టి నాకుతోంది.”

రస్సెల్ తలెత్తలేదు. ట్రైలరు గొలుసు బిగిస్తున్నవాడు బిగిస్తూనే ఉన్నాడు.

వంటింటి కిటికీ దగ్గర లియోనీ కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతోంది. అక్కణ్ణుంచి పెరడంతా కనిపిస్తుంది. షెడ్డులోంచి బయటికి తీసిన పడవ, దాని కింద నాలుగు చక్రాల ట్రైలరు, ఆ ట్రైలరు మూతికి తగిలించిన చిన్న ఎర్రకారు. కారు రస్సెల్ అక్క గ్లెనిస్‌ది. ఆవిడ దానికి వెనకాల చిన్న తొట్టి తగిలించుకుని పొయ్యిలోకి కట్టెలు తెచ్చుకుంటుంది. అంతకు మించిన పని ఆ కారు ఏనాడూ చేసి ఎరగదు.

దానికి పదడుగుల దూరంలో, రేకుల పందిరి కింద, పెద్ద డీజిల్ జీపు నిలబడి ఉంది.

ఇన్నేళ్ళుగా ఆ పడవని లాగింది ఆ జీపే. వేసవి చివర్లో ఇల్లు వదిలి వెళ్తూ రస్సెల్ దాని తాళం ఫ్రిజ్ మీద పెట్టాడు. “జీపు నీకు, పడవ నాకు. లెక్క సరి,” అన్నాడు. ఆ లెక్కలో ఎంత తెలివితక్కువతనం ఉందో ఆ రోజు ఇద్దరికీ తట్టలేదు. తట్టినా ఎవరూ పైకి అనలేదు.

పొమ్మన్నది లియోనీయే. కోపంలో అన్న మాట. ఇరవయ్యేళ్ళు దాటిన కాపురంలో అలాంటి మాటలు ఎన్ని రాలిపోలేదు! ఆ ఒక్క మాటనీ అతను ఏరుకుని, మూట కట్టుకుని, నిజంగానే పోయాడు. కనుమ దిగితే సముద్రపొడ్డున ఫాల్మత్. అక్కడ అక్క ఇంట్లో వెనకగదిలో ఉంటున్నాడు.

పోయినవారం ఫోనులో అన్నదీ కోపంలోనే. “శనివారం మధ్యాహ్నంలోగా నీ పడవ తీసుకుపో. లేదా రోడ్డు మీద పెట్టి, కావలసినవాళ్ళు పట్టుకుపోండని బోర్డు రాస్తాను.”

శనివారం వచ్చింది. అతనూ వచ్చాడు. గేటు తీసుకుని లోపలికి అడుగు పెట్టగానే లియోనీ వరండాలోంచి, “షెడ్డు తలుపు తీసే ఉంది. మధ్యాహ్నంలోగా అన్నాను,” అంది. అతను ఏదో అనబోయినట్టు నోరు తెరిచి, మూసుకుని, షెడ్డువైపు నడిచాడు.

ఇద్దరి మధ్యా ఆ పొద్దుటి మాటలన్నీ అంతే.

“అమ్మా, తాళం ఇవ్వు.”

బ్రిడీ వెనకాలొచ్చి నిలబడింది. పద్దెనిమిది నిండిన పిల్ల. ఊళ్ళో రొట్టెల కొట్లో పనిచేస్తుంది. శనివారం కొట్టు వదిలి మధ్యలో ఎప్పుడూ రాదు. ఈవేళ మోచేతులదాకా పిండితో పరుగెత్తుకొచ్చింది.

“ఏ తాళం?”

“తెలీనట్టు అడక్కు. జీపుది.”

“మీ నాన్నకి నోరు లేదా?”

“ఉంది. నీకూ ఉంది. మీ ఇద్దరి నోళ్ళూ నేనే అయిపోయాను ఈమధ్య.”

లియోనీ కప్పు బోర్లించింది. “వచ్చి అడగమను. ‘లియోనీ, జీపు కావాలి.’ ఇంతే. మోకాళ్ళ మీద కూర్చోమనట్లేదుగా.”

“నువ్వే వెళ్ళి ఇవ్వచ్చుగా?”

“లెక్క సరి అన్నదెవరు? నేనా?”

బ్రిడీ తల్లి మొహంలోకి చూస్తూ నిలబడింది. కుళాయి బొట్లు బొట్లుగా కారుతోంది. స్వెట్టరు జేబులో తాళం తన తుంటికి నొక్కుకోవడం లియోనీకి తెలుస్తూనే ఉంది. పొద్దున్నే ఫ్రిజ్ మీంచి తీసి జేబులో వేసుకుంది. అడిగితే వెతుక్కునే పని లేకుండా ఇచ్చేద్దామని. ఆ సంగతి కూతురితో చెప్పడానికి నోరు రాలేదు.

బ్రిడీ విసురుగా పెరట్లోకి వెళ్ళిపోయింది.

“నాన్నా, అడిగితే అమ్మ ఇస్తుంది. వెళ్ళి అడుగు.”

“అక్కర్లేదు.” రస్సెల్ చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. “దిగుడే కదా. ఇక్కణ్ణుంచి కిందికి ఎంత దూరం? లాగే పనే లేదు. దానంతటదే పోతుంది.”

“దానంతటది పోతుందనేరా నా భయం,” అన్నాడు మెర్వ్.

“నీ టీ చల్లారిపోతోంది మెర్వ్, ఇంట్లోకి పో.”

బ్రిడీ అతనికి అడ్డంగా వచ్చి నిలబడింది. “పోయినేడు కెవిన్ తన బుల్లి కారుకి ఇందులో సగం లేని పడవ తగిలించుకొస్తే నువ్వేమన్నావో చెప్పనా? ‘లాగడం గొప్ప కాదురా, పట్టుకోవడం గొప్ప. వెనకాల ఉన్నది నీకన్నా బరువైతే దిగుడులో నువ్వు దాన్ని తీసుకెళ్ళవు, అది నిన్ను తీసుకెళ్తుంది’ అన్నావు. దాన్ని విప్పించి జీపుకి కట్టి నువ్వే దింపొచ్చావు.”

“కెవిన్‌కి నడపడం రాదు.”

“ఈ పడవ ఎంత బరువుంటుంది? ఇంజనూ, పెట్రోలూ, ట్రైలరూ అన్నీ కలిపి? ఆ కారుకి రెట్టింపు ఉండదూ?”

“రెట్టింపు ఉండదు.”

“అయితే ఎంతుంటుంది?”

రస్సెల్ గొలుసు ఇంకోసారి లాగి చూశాడు.

“ట్రైలరుకి బ్రేకులున్నాయిగా,” అన్నాడు మెర్వ్ కాస్త తగ్గి. “అవన్నా పనిచేస్తాయా?”

“చేస్తాయి.”

“ఎప్పుడు చూశావు? ఉప్పునీళ్ళలో ముంచి ముంచి తెచ్చి షెడ్డులో పడేశావు. రెండు సీజన్లు కదల్లేదు.”

“చేస్తాయన్నానుగా!”

ఆ అరుపుకి కోళ్ళగూటిలో కోళ్ళు అటూ ఇటూ పరుగెత్తాయి.

రస్సెల్ ట్రైలరు చక్రం మీద కాలు పెట్టి పడవలోకి ఎక్కాడు. ముందువైపు ఉన్న సామాను ఒక్కొక్కటే వెనక్కి మోయడం మొదలెట్టాడు. లంగరు. దాని గొలుసు. పనిముట్ల పెట్టె. నిండు పెట్రోలు డబ్బాలు. రాతిరొయ్యలు పట్టే బుట్టలు, ఒకదాని మీద ఒకటి. ఒక్కొక్కటి వెనక్కి పోతున్నకొద్దీ కారు వెనకభాగం కొంచెం కొంచెంగా లేచింది. చివరికి కారు నేలకి సమంగా, బుద్ధిగా నిలబడింది.

“ఇప్పుడేమంటావ్?” అన్నాడు మెర్వ్‌తో.

మెర్వ్ తల అటు వంచి, ఇటు వంచి చూశాడు. “చూడ్డానికైతే బానే ఉంది.”

కిటికీ దగ్గర లియోనీ చెయ్యి ఆగిపోయింది.

బాగా లేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసింది ఎవరివల్లో కాదు, రస్సెల్ వల్లే. ప్రతి వేసవిలో పడవ సర్దుతూ అతను చెప్పే మాటే అది. “గొలుసు ముందుకివ్వు, లియోనీ. బరువు ముందుంటే ట్రైలరు బుద్ధిగా వస్తుంది. వెనక్కి పోయిందా, తోక ఊపుతుంది. ఊపడం మొదలెడితే ఆపడం ఎవరి తరమూ కాదు.” ఆమె గొలుసు ముందుకి అందించేది. అతను ముందే సర్దేవాడు.

ఆమె కిటికీ రెక్క పైకి నెట్టింది. చల్లగాలి మొహానికి కొట్టింది. రస్సెల్ ఆ చప్పుడుకి తలెత్తి చూశాడు. ఆ పొద్దున అతను ఆమె మొహంలోకి చూడ్డం అదే మొదలు. చూపు తిప్పుకోకుండా అలాగే నిలబడ్డాడు.

“మధ్యాహ్నం అవుతోంది,” అంది లియోనీ.

అనాలనుకున్నది అది కాదు. కానీ నోట్లోంచి వచ్చింది అదే.

“పోతున్నా,” అన్నాడు రస్సెల్.

అతను కార్లో కూర్చునేసరికి పక్కసీట్లో బ్రిడీ కూర్చుని ఉంది. బెల్టు పెట్టేసుకుంది.

లియోనీ వరండా మెట్లు రెండేసి చొప్పున దిగింది. “బ్రిడీ! దిగు.”

“నాన్నతో వెళ్తున్నా.”

“దిగమన్నానా?”

“దిగుతా.” బ్రిడీ కిటికీలోంచి చెయ్యి బయటికి చాచింది. అరచెయ్యి పైకి. “ఇటు పడెయ్యి.”

లియోనీ చెయ్యి జేబులోకి పోయింది. తాళాన్ని పిడికిట్లో పట్టుకుంది. రస్సెల్ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి ముందున్న గేటునే చూస్తున్నాడు. కొద్దిగా మెడ తిప్పితే చాలు. ‘ఇవ్వు’ అన్నా చాలు.

“పిల్ల వస్తానంటుంటే వద్దని చెప్పే బుద్ధి నీకైనా లేదా?” అంది అతనితో.

“దిగమ్మా,” అన్నాడు అతను మెల్లిగా, గేటువైపే చూస్తూ.

“నేను దిగితే నువ్వూ దిగాలి.”

ఎవరూ దిగలేదు. చాచిన చెయ్యి ఇంకాసేపు అలాగే ఉండి, లోపలికి పోయింది. కారు మూలిగింది. మాడిన వాసన ఒకటి పెరడంతా కమ్ముకుంది. చక్రాలు తడిగడ్డి మీద ఒక్కసారి జారి, నేల దొరకబుచ్చుకుని, కదిలాయి. పడవ గేటు దాటి రోడ్డెక్కింది.

“చూస్తూ ఊరుకున్నావా?” అన్నాడు మెర్వ్. ఇప్పుడు అతని గొంతులో వేళాకోళం లేదు.

“నీకెందుకు?”

“నాకెందుకా? కిందనుంచి పైకొచ్చేవాళ్ళు కూడా ఉంటారు లియోనీ. వాళ్ళకెవరు చెప్తారు, దారి తప్పుకోమని?”

ఆమె మెట్టు మీద కూలబడింది. పిడికిలి విప్పి చూసుకుంది. తాళం పళ్ళు అరచేతిలో ఎర్రగా అచ్చుపడ్డాయి. అంతే, లేచింది. జీపు దగ్గరికి పరుగెత్తింది.

*

ఊరు దాటేదాకా వాళ్ళు కనబడలేదు. కనుమ మొదట్లో, బరువు బండ్లు చిన్న గేరులో దిగాలన్న బోర్డు దగ్గర కూడా కనబడలేదు. చినుకు మొదలైంది. జామాయిల్ చెట్లు రెండువైపులా దగ్గరికొచ్చి, రోడ్డు సన్నబడి మెలికలు తిరిగింది. రెండో మలుపు తిరగ్గానే, జీపు ముందద్దం నిండా పడవ వెనకభాగం.

నెమ్మదిగా వెళ్తున్నాడు. పడవ కదలకుండా, తిన్నగా పోతోంది. లియోనీ జీపు వేగం తగ్గించింది. ఇంకాస్త కిందికి దిగితే ఎడమచేతివైపు రోడ్డు వెడల్పవుతుంది. లారీలవాళ్ళు ఆగి చక్రాలు చూసుకునే చోటది. అక్కడ ఆపించాలి. ఏమీ మాట్లాడకుండా ఈ తాళం అతని చేతిలో పెట్టెయ్యాలి. ఆ చిన్న కారు తను నడుపుకుంటూ పోవాలి. గ్లెనిస్ ఇంట్లో టీ తాగాలి. ఇదంతా ఆమె కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

లైట్లు కొట్టింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

కారు ఆగలేదు. లియోనీ హారను కొట్టింది, పొడుగ్గా.

పడవ అంచు పక్కనుంచి కారు కిటికీలో బ్రిడీ తల వెనక్కి తిరగడం కనిపించింది. బ్రిడీ తండ్రితో ఏదో అంది. కారు వేగం తగ్గలేదు. పెరిగింది. వెడల్పాటి చోటు ఎడమపక్కన వచ్చింది, పోయింది.

కోపం అనుకున్నాడు! ఇక్కడిదాకా వెంటపడి తిట్టడానికొచ్చాననుకున్నాడు! లియోనీ లైట్లు ఆర్పేసింది. హారను మీంచి చెయ్యి తీసేసింది. జీపుని వెనక్కి లాగి దూరం పెంచింది. అప్పటికే దిగుడు నిటారైంది.

ముందు పడవ తోక కొంచెం ఎడమకి జరిగింది. గాలి తోసిందేమో అనుకోవచ్చు, అంత కొంచెం. తరవాత కుడికి జరిగింది. ఈసారి ఇంకాస్త ఎక్కువ. కారు బ్రేకు లైట్లు ఎర్రగా వెలిగాయి.

“వద్దు,” అంది లియోనీ జీపులో ఒక్కతీ. “బ్రేకు వద్దు. రస్సెల్, వద్దు.”

ట్రైలరు ఎడమకి ఊగింది. అక్కణ్ణుంచి కుడికి వెళ్ళినప్పుడు ఇక తిరిగి రాలేదు. రోడ్డుకి అడ్డంగా, అవతలి వరస దాటి, లోయ అంచుదాకా పోయింది. పోతూ పోతూ కారు వెనకభాగాన్ని తనతో ఈడ్చుకుపోయింది. ముక్కు ఎడమకి తిరిగి కారు కొండరాతికి గుద్దుకుంది. ఆ చప్పుడుతోపాటే ట్రైలరు కొక్కెం తెగింది. పడవ రోడ్డంచు కమ్మీని వంచేసి, దాని మీంచి దొర్లి లోయలోకి పోయింది. కిందెక్కడో చెట్లు విరుగుతున్న చప్పుడు చాలాసేపు వినబడుతూనే ఉంది.

ఆ తరవాత చినుకుల చప్పుడొక్కటే.

లియోనీ చేరేసరికి రస్సెల్ తలుపు తన్ని తీసుకుని బయటపడ్డాడు. నుదుటి మీంచి రక్తం కంట్లోకి కారుతోంది. మళ్ళీ ఆ తలుపులోంచే లోపలికి దూరబోతున్నాడు. ఆమె అతన్ని పక్కకి నెట్టి తాను దూరింది.

ఎడమవైపు తలుపు లేదు. అక్కడ రాయి ఉంది. రాతికీ సీటుకీ మధ్య బ్రిడీ. మొహం మీద చిన్న గీత కూడా పడలేదు. జుట్టులో మాత్రం ఇంకా పిండి.

“అమ్మా.”

“ఇక్కడే ఉన్నా. కదలకు.”

“నా కాళ్ళు కనబడుతున్నాయా?”

లియోనీ కిందికి చూసింది. “కనబడుతున్నాయి,” అంది. అబద్ధం. అక్కడ నలిగిన రేకు తప్ప ఏమీ కనబడలేదు.

“నాకు తెలియట్లేదు అమ్మా.” బ్రిడీ పెదాలు తెల్లబడ్డాయి. గొంతు మాత్రం మామూలుగానే ఉంది. “నేను ఎక్కి కూర్చుంటే ఎవరో ఒకరు ఆగుతారనుకున్నా. నువ్వో, నాన్నో. పిల్ల ఉందిగా, ఆగుతారులే అనుకున్నా.”

లియోనీ కూతురి చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

కిందనుంచి దుంగల లారీ ఒకటి మలుపు తిరిగి, కీచుమంటూ ఆగింది. డ్రైవరు దిగి ఒక్క చూపు చూసి, మళ్ళీ లారీలోకెక్కి వైర్‌లెస్‌లో అరవడం మొదలెట్టాడు. ఆ కనుమలో ఫోన్లు పలకవు.

*

రేకు కోసి పిల్లని బయటికి తీయడానికి చాలాసేపు పట్టింది. ఆ సమయంలోనే ఊరి కానిస్టేబుల్ రస్సెల్‌ని పక్కకి పిలిచి గొట్టంలో ఊదించాడు. ఏమీ తేలలేదు. రస్సెల్ తాగలేదు. కానిస్టేబుల్ వంగి కారు వెనక ట్రైలరు తగిలించే ఇనప గుండుని చూశాడు. లోయలోకి చూశాడు.

“అంత పడవని ఈ కారు లాగగలదనుకున్నావా రస్సెల్?”

“లాగింది,” అన్నాడు రస్సెల్. “ఆపలేకపోయింది.”

కానిస్టేబుల్ రాసుకోవాల్సినదేదో రాసుకుంటూ వానలో నిలబడ్డాడు.

అంబులెన్సులో చోటు లేదన్నారు. లోపల ఇద్దరు పనిచేస్తున్నారు, మీరు వెనకాల లాన్సెస్టన్ ఆసుపత్రికి రండి అన్నారు. తలుపులు మూసుకున్నాయి. రోడ్డు మీద లియోనీ, రస్సెల్, జీపు మిగిలారు.

ఆమె డ్రైవరు సీట్లో కూర్చుంది. అతను మాట్లాడకుండా పక్కకొచ్చి ఎక్కాడు.

ఊరు వెనక్కి పోయింది. దారిలో ఫింగల్ ఊరు వచ్చింది, పోయింది. తడిసిన గొర్రెలు, ఖాళీ పొలాలు, నది. నుదుటి మీద అతికించిన గుడ్డని రస్సెల్ వేలితో తడుముకుంటూ కూర్చున్నాడు. వైపర్లు కొట్టుకుంటున్నాయి. ఆవోకా దాటాక అతను నోరు తెరిచాడు.

“లైట్లెందుకు వేశావ్?”

“ఆగమని.”

“తిట్టడానికొచ్చావనుకున్నా.”

“జీపు ఇద్దామని వచ్చా.”

రస్సెల్ మొహం కిటికీవైపు తిప్పుకున్నాడు. అద్దం మీద అతని ఊపిరి తెల్లగా పరుచుకుని, కరిగి, మళ్ళీ పరుచుకుంది.

“బ్రిడీ కూడా అంది,” అన్నాడు చాలాసేపటికి. “‘అమ్మ పిలుస్తోంది, ఆపు నాన్నా’ అంది. నడిరోడ్డు మీద కూడా నన్ను మాటలు పడమంటావా, అన్నాను. ఆ ఆగే చోటు దాటేశాను. కావాలనే దాటేశాను.”

లియోనీ ముందు వెళ్తున్న పాలట్యాంకరుని దాటింది. ఎదుటి రోడ్డు ఖాళీ అయ్యాక అంది, “నువ్వు సామాను వెనక్కి మార్చడం నేను చూశాను.”

“తెలుసు. కిటికీ తీశావుగా. చెప్తావనుకున్నా.”

“చెప్తే మార్చేవాడివా?”

“మార్చేవాణ్ణి.” తల అడ్డంగా ఊపాడు. “ఏమో. ఈవేళ నువ్వేం చెప్పినా వినకూడదనే ఉన్నానేమో. అడక్కు నన్ను.”

ఆమె అడగలేదు. చీకటి పడేవేళకి లాన్సెస్టన్ దీపాలు కనిపించాయి.

*

ఆసుపత్రి వసారాలో ప్లాస్టిక్ కుర్చీలు గోడకి వరసగా ఉన్నాయి. మధ్యలో ఒక కుర్చీ వదిలి ఇద్దరూ కూర్చున్నారు. డాక్టరమ్మ వచ్చి తుంటి ఎముక అంది, ఎడమకాలు అంది, నరాల సంగతి ఇప్పుడే చెప్పలేనంది. వింటున్నంతసేపూ రస్సెల్ తల ఊపుతూనే ఉన్నాడు. ఆవిడ వెళ్ళిపోయాక కూడా ఊపుతూ ఉన్నాడు.

గ్లెనిస్ వచ్చింది. ఎవరో తెలిసినవాళ్ళు బండిలో తెచ్చి దింపారు. మోకాళ్ళ నొప్పులతో కుంటుతూ వసారా చివర్నుంచే తమ్ముణ్ణి చూసింది. దగ్గరికొచ్చి అతని తలని రెండు చేతులతో పట్టుకుని, నుదుటి మీది గుడ్డ చూసింది. తరవాత లియోనీవైపు తిరిగింది.

“నీ జీపు పాడైందా లియోనీ?”

“లేదు.”

“మరి?”

లియోనీ తల దించుకుంది.

“నా కారు నేనిచ్చింది పైకి వెళ్ళడానికి. పడవకి కట్టడానికి కాదు,” అంది గ్లెనిస్. “జీపు అడుగుతానన్నాడు. అది కట్టుకుని పడవ దింపుతా, తరవాత జీపు ఇచ్చేసి నీ కారు తెచ్చుకుంటా అన్నాడు. పొద్దున నా వంటింట్లో నిలబడి, ఎలా అడగాలో పైకి అనుకుని చూసుకున్నాడు కూడా. స్కూల్లో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా. నవ్వొచ్చింది నాకు. వెళ్ళరా, అంత కష్టమేం కాదు, అన్నాను.”

లియోనీ మెల్లిగా రస్సెల్‌వైపు తిరిగింది. “నిజమా?”

అతను నేల చూస్తున్నాడు. “ఇప్పుడెందుకది.”

“నిజమా అని అడుగుతున్నాను.”

“గేటు తీశాను. నువ్వు వరండాలో ఉన్నావు.” ఆగాడు. “నేననే లోపు నువ్వన్నావు.”

ఆమెకి తన గొంతు వినబడింది. షెడ్డు తలుపు తీసే ఉంది. మధ్యాహ్నంలోగా అన్నాను. ఎంత తేలిగ్గా అంది! అనాలని రాత్రంతా అనుకుని పెట్టుకున్న మాట కూడా కాదది.

“తాళం నా జేబులోనే ఉంది,” అంది. ఎవరితో అన్నదో ఆమెకే తెలియదు. “పొద్దున్నుంచీ.”

గ్లెనిస్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తిడుతుందనుకుంది లియోనీ. తిడితే బావుండుననుకుంది. ఆవిడ తిట్టలేదు. ఇద్దరి మధ్యా ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుంది.

వసారా చివర తలుపు తెరుచుకుంది. నర్సు వచ్చింది. వయసులో బ్రిడీకన్నా నాలుగేళ్ళు పెద్దదేమో.

“బ్రిడీ బరిడ్జ్‌వాళ్ళా? అమ్మాయికి మెలకువగానే ఉంది. ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నాం. ఈలోగా ఒక్కరు లోపలికి రావచ్చు. ఒక్కరే.”

లియోనీ లేచింది. అదే క్షణంలో రస్సెల్ కూడా లేచాడు. ఒకరినొకరు చూసుకున్నారు.

“నువ్వెళ్ళు,” అన్నాడు అతను. ఎన్ని నెలల తరవాతో, గొంతులో బింకం లేని మాట.

“నువ్వే వెళ్ళు,” అంది ఆమె. “నిన్ను చూడాలనుకుంటుంది.”

నర్సు ఇబ్బందిగా నిలబడింది. “గ్లెనిస్ ఎవరు?”

గ్లెనిస్ కళ్ళు తెరిచింది. “నేను. దాని మేనత్తని. కానీ వాళ్ళమ్మ ఇక్కడే ఉంది. నాన్న ఉన్నాడు.”

“చెప్పానండి, ఇద్దరూ ఉన్నారని. రెండుసార్లు అడిగాను.” నర్సు లియోనీ కళ్ళలోకి చూడలేదు. “వాళ్ళిద్దరూ వద్దంది. మిమ్మల్నే రమ్మంది.”

గ్లెనిస్ కుర్చీ చేతులు పట్టుకుని కష్టంగా లేచింది. చేతిసంచి ఎవరికివ్వాలో తెలియక చుట్టూ చూసింది. చివరికి తాను కూర్చున్న కుర్చీలోనే పెట్టి, కుంటుతూ నర్సు వెనకాల నడిచింది.

తలుపు మూసుకుంది.

లియోనీ నిలబడే ఉంది. రస్సెల్ నిలబడే ఉన్నాడు. ఎవరు ముందు కూర్చోవాలో ఇద్దరికీ తెలియలేదు.